మా కంప్యూటర్‌లో రోజూ లాభ్ పాంచమే

కంప్యూటర్ గురించి నాకేమీ తెలియదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లలో ఒక్కరికి కూడా దాని గురించి ఏమీ తెలియదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ సూరత్‌లో నాకు సలహా ఇవ్వని మనిషి లేడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. కరీంనగర్‌లో డిగ్రీ చదివి, ఎప్పుడో ఇక్కడికి వలసొచ్చిన తెలుగువాళ్ల ఇంట్లోకి పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చిన దాన్ని నేను. ఇక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో చాలా ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. బి.ఇడి. లేదు. లేదన్న సంగతి అన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు, నాకంటే తక్కువ జీతానికి లెక్కలు చెప్పేవాళ్లు దొరకలేదు కాబట్టి. బళ్లు మూతపడి పిల్లల ఫీజులు ఆగిపోయాక యాజమాన్యానికి ఉన్నట్టుండి అర్హతలు గుర్తొచ్చాయి. మళ్లీ తెరిచేటప్పుడు బి.ఇడి. ఉన్నవాళ్లనే పెట్టుకుంటామని ఫోన్‌లో చల్లగా చెప్పారు. అదృష్టవశాత్తూ నేను అప్పటికే దూరవిద్యలో చేరి ఉన్నాను. చివరి పరీక్షలు మిగిలాయి. అవి తప్పితే మళ్లీ ఏడాది దాకా లేవు. ఏడాది తర్వాత నా తరగతిలో నా బోర్డు ముందు ఇంకెవరో నిలబడి ఉంటారు.

పరీక్షలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద రాయాలన్నారు. కెమెరా ఉండాలి, ఫోన్ పనికిరాదు. మొదటి పేపరు సోమవారం. శుక్రవారం ఒక నమూనా పరీక్ష ఉంటుంది, అందరూ తమ కంప్యూటర్ సరిచూసుకోండి అని సందేశం పంపారు.

మా ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. అది మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఆయనకు సూరత్ పక్కనున్న పల్సానాలో ఎంబ్రాయిడరీ కార్ఖానా ఉంది. చీర అంచు మీద కుట్టాల్సిన పువ్వునో మామిడి పిందెనో కంప్యూటర్‌లో గీసి, దారం ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలో మిషన్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఆ పని కోసం కొన్నది ఆ కంప్యూటర్. కెమెరా దాని తెరతో పాటే వచ్చింది. మార్కెట్ మూతపడి, కూలీలు ఊళ్లకు వెళ్లిపోయి, కార్ఖానాకు తాళం పడ్డాక దాన్ని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చారు. కింది హాల్లో దేవుడి పటాల కింద పెట్టారు. దాని నుదుట కుంకుమ. దసరాకు పెట్టిన బొట్టును ఎవరూ తుడవలేదు. తెర కింద కుడిమూలన వైరింగ్‌కు వాడే నల్లటి టేపు ముక్క అంటించి ఉంది. అక్కడ తెర పాడైందని, ఆ వెలుగు కళ్లకు గుచ్చుకుంటుందని అంటించారని చెప్పారు. నమ్మాను. ఇంట్లో సగం వస్తువులు అట్లాగే ఉన్నాయి మరి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా బావగారు నాతో నేరుగా మాట్లాడరు. తమ్ముడి భార్యతో మాట్లాడకపోవడం ఈ ఊళ్లో మర్యాదట. నేనూ ఆయన ముందు నెత్తిన కొంగు వేసుకుని ఉండాలట. కొంగు సంగతి పెళ్లయిన కొత్తలోనే తేల్చేశాను. మాటల సంగతి మాత్రం తేల్చలేదు, ఆయనతో మాట్లాడాలన్న కోరిక నాకు ఎన్నడూ కలగలేదు గనుక. ఆయనకు నాతో పనిపడితే మా ఆయనను పిలిచి చెప్తారు. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే. నేను మా ఆయనకు జవాబిస్తాను. మా ఆయన దాన్ని సగం మింగేసి, మిగతా సగాన్ని తేనెలో ముంచి అన్నగారికి అందిస్తాడు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నామంటే ఆ మింగిన సగం వల్లే.

కంప్యూటర్ వాడుకుంటామని మా ఆయన చేత అడిగించాను. కార్ఖానా తెరిచే దాకా దానితో పనేముంది, వాడుకోమని ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. ఉన్న సెట్టింగులేవీ ముట్టుకోకూడదు.

శుక్రవారం పొద్దున పరీక్ష వెబ్‌సైట్ తెరిచాను. తెరుచుకోలేదు. ఎర్రటి త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. మీ కనెక్షన్ సురక్షితం కాదు, దొంగలు మీ పాస్‌వర్డులు కాజేసే ప్రయత్నంలో ఉండొచ్చు అని రాసి ఉంది. నా దగ్గర కాజేయడానికి ఏముందో ఆ దొంగలకు ఎవరైనా చెప్తే బాగుండేది. మూసి మళ్లీ తెరిచాను. అదే. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. అదే. ఇంకో బ్రౌజర్‌లో ప్రయత్నించాను. త్రికోణం రంగు మారింది, మాట మారలేదు. నా ఫోన్‌లో మాత్రం అదే సైటు హాయిగా తెరుచుకుంది.

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. పాట విన్నాను, పాట విన్నాను, ఆ పాట నాకు నోటికి వచ్చింది. చివరికి ఒక కుర్ర గొంతు ఫోన్ ఎత్తి, నా మాట పూర్తికాకముందే హిస్టరీ తుడిచేయమంది. తుడిచాను. కుకీలు కూడా తుడవమంది. అదీ చేశాను. యాంటీ వైరస్ ఆపమంది. ఈ కంప్యూటర్‌లో యాంటీ వైరస్ లేదన్నాను. అయితే అదే మీ సమస్య, యాంటీ వైరస్ వేయించండి అంది. ఇప్పుడే కదా ఆపమన్నావు అంటే, ఉంటే ఆపాలి మేడమ్, లేకపోతే పెట్టాలి అని హిందీలో ఎంతో ఓపికగా, చెవిటిదానికి చెప్పినట్టు చెప్పింది. మిగతా వెబ్‌సైట్లు తెరుచుకుంటున్నాయా అని అడిగింది. ప్రయత్నించి చూశాను. ఒక్కటీ తెరుచుకోలేదు, అన్నింటికీ అదే త్రికోణం. అయితే మా వైపు ఏ లోపమూ లేదు మేడమ్, మీ వైపే ఉంది అని సంతోషంగా పెట్టేసింది. ఆ ఒక్క మాట నిజమే. కానీ మనిషి మునిగిపోతుంటే నీళ్లు మీ వైపే ఉన్నాయని చెప్పి వెళ్లిపోవడం ఏం సహాయమో ఈనాటికీ అర్థం కాలేదు.

ఇక ఇంట్లోవాళ్ల వంతు. మా ఆయన వచ్చి వైఫై డబ్బాను ఆపి మళ్లీ పెట్టాడు. ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఆయన చేసే వైద్యం అదొక్కటే. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, వంటింట్లోంచే అది పరీక్షకు మంచి శకునం కాదంది. మా బడిలో హిందీ చెప్పే ఆవిడ ఫోన్‌లో, అడ్వాన్స్‌డ్ అని ఉన్న చోట నొక్కు, ప్రమాదమైనా సరే ముందుకు పోతాను అని వస్తుంది, నొక్కేయ్, నేనట్లాగే అన్నీ చూస్తాను అంది. ఆమె బ్యాంకు ఖాతా మీద నాకు అప్పుడే జాలేసింది. అయినా నొక్కాను. వేరే సైట్లకు ఆ దారి కనిపించింది గానీ, పరీక్ష సైటుకు మాత్రం ఆ దారి మూసేసి ఉంది. ఈ వెబ్‌సైట్‌కు ఇప్పుడు వెళ్లలేరు అని ఉంది, అంతే. నమూనా పరీక్ష సమయం అట్లా అయిపోయింది.

మా వీధి చివర ఒక తెలుగు డాక్టరుగారి కుటుంబం ఉంది. వాళ్ల ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు ఉన్నాయని వాళ్లే ఊరంతా చెప్పుకుంటారు. మాస్కు పెట్టుకుని వెళ్లాను. ఆవిడ గ్రిల్లు తలుపు తెరవకుండానే, పిల్లల క్లాసులండీ, పైగా ఈ రోజుల్లో ఒకరి వస్తువు ఒకరు ముట్టుకోవడం అంటూ సాగదీసింది. పోయిన నెలలో ఆ పిల్లలకు లెక్కలు రావడం లేదని ఇదే గ్రిల్లు పట్టుకుని నన్ను పిలిచింది ఈవిడే. ఏమీ అనకుండా వచ్చేశాను. అనకుండా రావడం నాకు చాలా కష్టమైన పని. ఇంటర్నెట్ సెంటర్లన్నీ మూతపడి ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నప్పుడు మళ్లీ దాని ముందు కూర్చున్నాను. నాకు కోపం వచ్చినప్పుడు బుర్ర బాగా పనిచేస్తుంది. అందరూ ఆ త్రికోణాన్ని చూసి భయపడ్డారు గానీ దాని కింద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు. నేనూ అప్పటి దాకా చదవలేదు. చదివాను. సర్టిఫికెట్ తేదీ చెల్లదు అని అర్థం వచ్చే ముక్క అది. చిరునామా పక్కన ఎర్రగా ఉన్న గుర్తును నొక్కితే ఆ సర్టిఫికెట్ కూడా కనిపించింది. ప్రతి వెబ్‌సైట్‌కూ ఒక గుర్తింపు పత్రం ఉంటుందట, మనకు పరీక్ష హాల్ టికెట్ ఉన్నట్టు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో దాని మీద ఉంటుంది. ఇది పోయిన నెల మొదలై, ఇంకా చాలా నెలల దాకా చెల్లుతుందని ఉంది. మరి చెల్లనిదేమిటి? అది ఇంకా మొదలే కాలేదంటుంది కంప్యూటర్. పోయిన నెలలో మొదలైంది ఇంకా మొదలు కాలేదని ఎవరనుకుంటారు? పోయిన నెల ఇంకా రానివాళ్లు అనుకుంటారు.

తేదీ ఎక్కడుంటుందో నాకు తెలుసు, తెర కింద కుడిమూలన. అక్కడ నల్ల టేపు ఉంది.

గోటితో గీకి పీకాను. తెర పాడవలేదు. దాని కింద తేదీ భేషుగ్గా వెలుగుతోంది. నాలుగేళ్ల వెనకటి తేదీ. నెల చూస్తే దీపావళి నెల. ఎందుకో అర్థమయ్యేసరికి నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. అది మా బావగారు కార్ఖానా తెరిచిన రోజు. లాభ్ పాంచమ్. దీపావళి పోయాక ఐదోరోజు ఈ ఊళ్లో వ్యాపారులు దుకాణాలు కొత్తగా తెరుస్తారు, ఆ రోజు మొదలుపెట్టింది కలిసొస్తుందంటారు. ఆ డిజైన్ల సాఫ్ట్‌వేర్ కూడా ఆ రోజే ఎక్కించారు. దాన్ని తెరిచి చూస్తే తెలిసింది, కొన్నది కాదు. కొన్ని రోజులు వాడి చూడమని కంపెనీ ఉచితంగా ఇచ్చేది. ఆ గడువు దాటకుండా రోజూ పొద్దున దీపం పెట్టేటప్పుడు బావగారు తేదీని మళ్లీ వెనక్కి, సరిగ్గా ఆ ముహూర్తం రోజుకే తిప్పుతారు. తేదీ తనంతట తాను సరిదిద్దుకునే మీటను కూడా ఆపేశారు. పనివాళ్లెవరైనా చూసి మంచితనానికి పోయి సరిచేస్తారేమోనని టేపు అంటించారు. ఇంటర్నెట్ అవసరం లేని పని కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ప్రపంచమంతా నాలుగేళ్లు ముందుకు వచ్చి, అందులో ఏడాదికి పైగా మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతుంటే, మా హాల్లో దేవుడి పటాల కింద మాత్రం లాభ్ పాంచమ్ జరుగుతోంది.

సాయంత్రం మా ఆయనను మధ్యన నిలబెట్టుకుని విషయం తేల్చడానికి కూర్చున్నాం. తేదీ మారుస్తాను, పరీక్షలన్నీ అయ్యాక మళ్లీ మీ తేదీ పెట్టేస్తాను అని చెప్పించాను.

బావగారు నన్ను కాక గోడను చూస్తూ అన్నారు. "తమ్మీ, ఆమెకు చెప్పు. ఆ తారీఖు ఒక్కసారి ముందుకు జరిగితే సాఫ్ట్‌వేర్ బంద్ అయితది. మళ్ల ఎంత ఎనుకకు తిప్పినా తెరుచుకోదు."

"పనే లేని సాఫ్ట్‌వేర్ బందయితే ఏం మునుగుతదో అడుగు," అన్నాను.

మా ఆయన నా మాటను తేనెలో ముంచడానికి నోరు తెరిచాడు. బావగారు వినపడనంత దూరంలో లేరు కదా, విన్నారు.

"పని రేపొస్తది. మార్కెట్ తెరుస్తరు. అప్పుడేం చేద్దామంటది? ఈ వయసుల పరీక్షలేంది అసలు. జర సోచాయించుమను."

వయసు మాట వచ్చింది కాబట్టి నేనూ వదల్లేదు. కొనని వస్తువును ముహూర్తం పెట్టి వాడుకునే వయసు కంటే పరీక్ష రాసే వయసు నయమని చెప్పమన్నాను. మా ఆయన అది చెప్పలేదు. మా ఇద్దరి మధ్య నిలబడి ఫ్యాను వైపు చూశాడు. బావగారు లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, నేను పీకిన టేపును ఏరి మళ్లీ అదే చోట బొటనవేలితో అదిమారు. అంటుకోలేదు. మళ్లీ అదిమారు.

"కార్ఖానా బంద్. మిషన్లు బంద్. మనుషులు పోయిన్రు," అన్నారు, ఈసారి తమ్ముడితో కూడా కాదు. "మంచి దినమని చెప్పుకోనీకి అదొక్కటే మిగిలింది ఇంట్ల. అదీ తీసెయ్యాల్నా."

ఆయన భయపడుతున్నారని అప్పుడు అర్థమైంది. జాలిపడాల్సిన చోటే అది. నాకు జాలి కలగలేదు. ఆయన భయాన్ని ఇల్లంతా ఏళ్ల తరబడి పూజించింది, అగరొత్తి వెలిగించింది. నా భయం మీద ఎవరూ చిటికెడు కుంకుమ కూడా వేయలేదు.

మా ఆయనను పక్కకు జరగమని కూడా అడగలేదు. ఆయన పక్కనుంచి ముందుకు వెళ్లాను.

"బావా, మీ తమ్మునితోని కాదు, నాతోని మాట్లాడుండ్రి. ఆ దినం పోయి నాలుగేండ్లాయె. మీరు గడియారాన్ని కట్టేసిండ్రు, దినాన్ని కాదు. సోమవారం పొద్దుగాల నేను దీని తారీఖు మారుస్త. మీకు ముందే చెప్తున్న, తెల్వకుంట చేస్తలేను."

ఇంట్లో అందరూ స్తంభించిపోయారు. నేను బావగారితో మాట్లాడినందుకు, మాట్లాడిన విషయానికి కాదు. ఆయన టేపు ముక్కను జేబులో వేసుకుని గదిలోకి వెళ్లారు. మా ఆయన పైకి వచ్చాక, ఇంత దూరం తేవాల్సింది కాదన్నాడు. దగ్గరే ఉంది, నీకే కనపడలేదు అన్నాను.

ఆదివారం కంప్యూటర్ దగ్గర మౌస్ మాయమైంది. తాళం వేసిన బావగారి అల్మారాలో ఉందని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. యాభై దాటిన మనిషి, మిషన్ల యజమాని, మౌస్ దాచుకుని భోజనానికి వచ్చి కూర్చుని పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందన్నారు. నేను వాదించలేదు. కీబోర్డుతోనే తేదీ ఎట్లా మార్చాలో ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. కానీ పరీక్షకు మౌస్ కావాలి, జవాబులను దానితోనే గుర్తించాలి.

సోమవారం పొద్దున నేను హాల్లోకి దిగేసరికి మా తోడికోడలు కొంగు చాటున మౌస్ పట్టుకుని నిలబడి ఉంది. పాతికేళ్లలో ఆవిడ నా పక్షాన ఒక్క మాట అన్నది లేదు. ఆ పొద్దున కూడా అనలేదు. మౌస్‌ను బల్ల మీద పెట్టి, "తొందరగ కానియ్యి. నీ పరీక్ష అయిపోతెనన్న రాత్రి ఆయన గొణుగుడు ఆగి నాకింత నిద్ర పడ్తది," అంది. పరాయివాళ్ల దయ కంటే ఆ విసుగే నాకు నచ్చింది.

తేదీ మార్చాను. ఏళ్లను ఒక్కొక్కటే ముందుకు జరుపుతుంటే చేతులు వణకలేదు. వణికాయని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ నిజంగా వణకలేదు. వెబ్‌సైట్ తెరుచుకుంది. ఎర్ర త్రికోణం పోయి ఆ స్థానంలో చిన్న తాళం బొమ్మ వచ్చింది. కెమెరాలో నా ముఖం, వెనకాల దేవుళ్లు. అవతల పరీక్ష చూస్తున్న మనిషి, మీ వెనక ఎవరో ఉన్నారు మేడమ్ అని సందేశం పెట్టాడు. తిరిగి చూస్తే బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కెమెరాలో ఇంకో మనిషి కనబడితే పరీక్ష రద్దు చేస్తారని నిబంధనల్లో ఉంది. ఆయనకు ఆ నిబంధన తెలియదు. తెలియజేశాను. ఒక్క మాటే అన్నాను, జరగండి అని. జరిగారు.

మిగతా పేపర్లు కూడా అట్లాగే రాశాను. రోజూ ఆయన బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఎవరైనా వచ్చి నా పరీక్ష ఎత్తుకుపోతారన్నట్టు. లేక సాఫ్ట్‌వేర్ శవానికి కాపలా ఉన్నట్టు. ఏదో నేను అడగలేదు.

చివరి పేపరు అయ్యాక మాట ప్రకారం ఆయన తేదీనే పెట్టాను, రోజుతో సహా. మరుసటి నెల మార్కెట్ తెరిచారు. ఆయన కంప్యూటర్‌ను పల్సానాకు తీసుకుపోయి సాఫ్ట్‌వేర్ తెరిచారు. అది గడువు అయిపోయిందని, కొనమని అడిగింది. ఆయన చెప్పిందే నిజమైంది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. మా ఆయన కూడా. కొనాల్సినదాన్ని కొన్నారు చివరికి, వేరే దారి లేక. నా వల్ల నష్టమని ఇంకా అంటారు. నేను కాదనను. ఇన్నేళ్లు తప్పించుకున్న నష్టం అని మాత్రం అంటాను.

నేను పాసయ్యాను. బడి తెరిచినప్పుడు నా తరగతి నాకే ఉంది. జీతం పెంచమంటే పెంచలేదు, అది వేరే గొడవ.

ఆ తర్వాత కోసాడ్‌లో మా చుట్టాల ఇంట్లో ఒక పిల్లకు పురుడు భోజనాలు పెట్టారు. ఆడవాళ్లం వడ్డిస్తున్నాం. మగవాళ్ల వరుసలో ఎవరో నా పరీక్షల సంగతి ఎత్తారు. బావగారు ముద్ద కలుపుతూ, నలుగురికీ వినిపించేట్టు, ఎంతో పెద్దరికంగా అన్నారు. "లాక్‌డౌన్ల ఏడ దొరుకుతది కంప్యూటర్? నేనే ఇచ్చిన. చదువుకునేటోళ్లకు అడ్డం చెప్పొద్దు మనం."

పక్కన కూర్చున్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. మా ఆయన విస్తరిలోకి వంగి ఎంతో శ్రద్ధగా వంకాయ ముక్క వెతుక్కుంటున్నాడు. నేను పప్పు గిన్నెతో సరిగ్గా బావగారి ముందే ఉన్నాను.

"ఇయ్యలే బావా," అన్నాను పప్పు వేస్తూ. "మౌస్ అల్మార్ల పెట్టి తాళమేసిండ్రు. కంప్యూటర్ నేనే తీసుకున్న."

వరుస వరుసంతా తినడం ఆపింది. ఆయన నా వైపు చూశారు, గోడ వైపు కాదు. విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టి, ఇక పప్పు చాలన్నారు. ఆ చేతి పక్కనుంచే ఇంకో గరిటె వేసి పక్క విస్తరికి జరిగాను.